మతిమరుపు జబ్బుకు టీకా
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మశూచి ప్రపంచంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. అది టీకా చలవే. కనుక "ముసలితనంలో మతి పోకుండా కూడా టీకా వస్తుందట గదా!" అని మన సభ్యులు అడగడం సహజమే. మాకు తెలిసింది మనవి చేస్తాము.

అల్జీమర్స్ జబ్బును 1906లో జర్మనీ డాక్టరు అలోయిస్ అల్జీమర్ మొదట వివరించాడు. ఈ జబ్బులో అమిలాయిడ్ అనే మాంసకృత్తు మెదడులో గడ్డలుగా పేరుకుంటుంది. నరాల కణాలు క్రమంగా నశిస్తాయి. ఆ మాంసకృత్తును టీకాగా ఎక్కిస్తే ఒంట్లోని రోగనిరోధక శక్తే గడ్డలను ఊడ్చివేస్తుందని శాస్త్రజ్ఞుల ఆలోచన. 1999లో డేల్ షెంక్ బృందం ఎలుకలలో ఇది జరుగుతుందని చూపింది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. టీకా వేసుకున్న 300 మందిలో 18 మందికి మెదడు వాపు రావడంతో 2002లో ఆ పరీక్ష ఆపేశారు. అంతకు ముందు జరిగిన తొలి పరీక్షలో టీకా పొంది, తరువాత మరణించిన కొందరి మెదళ్ళను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. గడ్డలు చాలావరకు పోయినా వాళ్ళ మతిమరుపు ముదరడం ఆగలేదట!

అయినా శాస్త్రజ్ఞులు ఆశ వదులుకోలేదు. ఇంతకన్నా క్షేమమైన టీకాల కోసం పరీక్షలు సాగుతూనే ఉన్నాయి. 2023లో అమెరికా పూర్తిగా ఆమోదించిన లెకానెమాబ్ టీకా కాదు, బయట తయారుచేసి ఎక్కించే మందు. అది తొలి దశలో జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తుందే గాని నయం చెయ్యదు. ఈ జబ్బుకు టీకా ఉందని ఎవరైనా అమ్మజూపితే డబ్బు పోసుకోకండి.

మరి అందాకా చేతులు ముడుచుకు కూర్చోవాలా? అక్కరలేదు. మార్చుకోదగిన 14 కారణాలను సరిచేస్తే ఇలాంటి మతిమరుపు జబ్బులలో దాదాపు 45 శాతం తప్పించడమో, వాయిదా వేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ నిపుణుల సంఘం చెప్పింది. బీపీ, షుగరు, పొగతాగడం, చెవుడు, చదువులేమి, ఒంటరితనం వాటిలో ఉన్నాయి. ఇవన్నీ మన ఇండ్లలో ఉన్నవే గదా!

దాదాజాన్ నమాజు చదివిన సంగతి మరచి మళ్ళీ నిలబడితే కసరకండి. నానీమా మనుమణ్ణి గుర్తుపట్టకపోతే నవ్వకండి. అది జబ్బు, తప్పు కాదు. మతి తప్పినవారిపై షరీఅత్ కూడా భారం మోపదని ఉలమాలు చెబుతారు. వయసు మీరిందిలే అని దాచిపెట్టక డాక్టరుకు చూపించండి. సేవ భారమంతా కోడళ్ళ మీదే వదలక కొడుకులూ పంచుకోండి.

టీకా ఎప్పుడు వస్తుందో అల్లాహ్‌కే తెలుసు. మన ఆదరణకు మాత్రం ఏ పరీక్షలూ అక్కరలేదు. అల్లాహ్ మన పెద్దలను చల్లగా చూచుగాక. ఆమీన్.