చెప్పుకోలేని చోట వచ్చిన జబ్బు



మోకాళ్ళ నొప్పుల గురించి, రక్తపోటు గురించి, చక్కెర వ్యాధి గురించి మనం ఈ కార్యక్రమంలో ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ఈవేళ నేను చెప్పబోయే జబ్బు పేరు వింటే కొందరు లేచి రేడియో గొంతు తగ్గిస్తారేమో. ఇంట్లో మావగారో, మరిదిగారో కూర్చుని ఉంటే మరీను. ఫరవాలేదు, తగ్గించుకునే వినండి. మూత్రాశయంలో వచ్చే క్యాన్సర్ సంగతి ఇది. నాకు అది వచ్చి ఆరేళ్ళు దాటింది. వంట చేసుకుంటున్నాను, మనవణ్ణి బడికి దింపి వస్తున్నాను, మొన్న సంక్రాంతికి అరిసెల పాకం కూడా నేనే పట్టాను. కాబట్టి మిమ్మల్ని భయపెట్టడానికి రాలేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

నాకప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. ముట్లుడిగి అప్పటికే చాలా కాలమైంది. ఒకరోజు ఒంటికి వెళ్ళినప్పుడు ఎర్రగా కనిపించింది. నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. మర్నాటికి అంతా మామూలే. అత్తగారితో అంటే, "వేడి చేసుంటుందమ్మాయ్, సబ్జా గింజలు నానేసుకు తాగు" అన్నారు. ఆవిడ మాట తీసిపారెయ్యను. ఎండల్లో మంటగా ఉంటే సబ్జా, బార్లీ చలవే చేస్తాయి. కాని మూత్రంలో రక్తం పడటం వేడికి సంబంధించినది కాదు. ఈ జబ్బు తరచు ఇలాగే మొదలవుతుందిట. ఒకసారి కనిపిస్తుంది, తర్వాత వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి జాడే ఉండదు. తగ్గిపోయింది కదా అనుకుంటాం. లోపల అది పెరుగుతూనే ఉంటుంది.

అసలు మనలో ఎంతమంది చూసుకుంటాం చెప్పండి? చీకటిగా ఉండే స్నానాలగది, చెంబెడు నీళ్ళు పోసేసి వచ్చెయ్యటం. అనుమానం వస్తే ఒక తెల్లని ప్లాస్టిక్ గిన్నెలోనో, గాజు సీసాలోనో పట్టి వెలుతురులో చూడాలి. అన్నట్టు, ముందురోజు బీట్‌రూట్ కూర తిన్నా కొందరికి ఎర్రగా వస్తుంది. క్షయకి వాడే ఒక మందువల్ల నారింజ రంగులో వస్తుంది. అలాంటివేమీ లేకుండా ఎరుపు కనిపిస్తే మాత్రం, ఒక్కసారైనా సరే, డాక్టరుకి చెప్పి తీరాలి.

చెప్పాక కూడా మన ఆడవాళ్ళకి దారి సులువుగా దొరకదు. ఈ జబ్బు మగవాళ్ళకి మనకన్నా మూడు నాలుగు రెట్లు ఎక్కువగా వస్తుంది. అందుకని ఆడమనిషి వచ్చి రక్తం అంటే ముందు గర్భసంచి మీదికి పోతుంది అనుమానం. కాకపోతే "ఇన్‌ఫెక్షన్ అమ్మా, ఈ మాత్రలు వాడండి" అంటారు. నాకూ అలాగే జరిగింది. గర్భసంచి పరీక్ష చేయించారు, శుభ్రంగా ఉందన్నారు. తర్వాత మా వీధి చివర ఒక డాక్టరు మూత్రపరీక్ష అయినా చేయించకుండా రెండు దఫాలు మాత్రలు రాశాడు. మూడోసారి ఎర్రగా కనిపించినప్పుడు మా కోడలు, "అత్తయ్యగారూ, ఈ మాత్రలు చాలు, స్కానింగుకి పదండి" అని ఆటో పిలిచింది. ఆడవాళ్ళలో ఈ జబ్బు ముదిరాక బయటపడటం ఎక్కువని డాక్టర్లే చెబుతారు. ఇలాంటి తిరుగుళ్ళలోనే కదూ ఆ నెలలు గడిచిపోయేది!

ఇది మనబోటి వాళ్ళకే జరుగుతుందని కాదు. అమెరికా ఉపాధ్యక్షుడుగా చేసిన హ్యూబర్ట్ హంఫ్రీకి 1967లోనే మూత్రంలో రక్తం కనిపించింది. 1976లో ఆయన మూత్రాశయం తీసెయ్యాల్సి వచ్చింది, 1978 జనవరిలో పోయారు. 1967 నాటి మూత్రపు నమూనా ఎవరో భద్రంగా దాచి ఉంచారు. 1994లో దాన్ని కొత్త పద్ధతుల్లో పరీక్షిస్తే, తర్వాత గడ్డలో ఉన్న జన్యు లోపమే అందులోనూ కనిపించింది. అన్నేళ్ళ ముందే అది సంగతి చెప్పిందన్నమాట.

స్కానింగులో నాకు వేరుశనగ గింజంత గడ్డ కనిపించింది. స్కానింగు ఒక్కటే సరిపోదు, సన్నని గొట్టంతో లోపలికి చూడాలన్నారు. దీన్ని సిస్టోస్కోపీ అంటారు. చూసేది మగ డాక్టరు. ఆ మాట వినగానే నాకు కాళ్ళాడలేదు. ముగ్గురు పిల్లల్ని కన్నదాన్ని, అయినా సిగ్గు సిగ్గే. పక్కన నర్సు ఉంది, దుప్పటి కప్పారు, తిమ్మిరి మందు కలిసిన జెల్లీ రాశారు. పదినిమిషాల్లో అయిపోయింది. మర్నాడు కాస్త మంట పుట్టింది, నీళ్ళు బాగా తాగితే పోయింది. డాక్టరు తెరమీద నాకూ చూపించాడు. లోపల గోడకి చిన్న నాచుముక్క అంటుకున్నట్టు ఊగుతోంది.

తర్వాత నడుముకి మత్తుసూది ఇచ్చి, ఒంటిమీద కోత లేకుండా, మూత్రం వచ్చే దారిలోంచే దాన్ని గీకి తీశారు. రెండు రోజులు గొట్టం ఉంచారు. తీసిన ముక్కని పరీక్షకి పంపారు. అసలు తీర్పు అక్కడే ఉంది. మన ఇంటి గోడ ఊహించుకోండి. పైన సున్నం, దానికింద పూత, లోపల ఇటుక. జబ్బు సున్నంలో, పూతలో ఉన్నంతవరకు గీకి బాగుచెయ్యొచ్చు. ఇటుకలోకి, అంటే మూత్రాశయపు కండలోకి, దిగితే గోడే తీసెయ్యాల్సి రావచ్చు. బయటపడిన కేసుల్లో నాలుగింట మూడు పైపైనే ఉంటాయిట. నాదీ అంతే, కాని చురుకైన రకం అన్నారు. అందుకని కొన్ని వారాలాగి మళ్ళీ ఒకసారి గీకి, ఏమీ మిగల్లేదని తేల్చుకున్నారు.

అప్పుడు చెప్పిన మందు పేరు విని నాకు నవ్వొచ్చింది. బి.సి.జి. పసిపిల్లల భుజానికి వేయిస్తామే, అదే! క్షయ రాకుండా వేసే ఆ టీకామందుని మూత్రాశయంలోకి ఎక్కిస్తే క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గుతుందని 1976లో కెనడా డాక్టరు ఆల్వరో మొరాలెస్ లోకానికి చెప్పాడు. ఇన్నేళ్ళయినా ఈ రకానికి అదే ముఖ్యమైన మందు. ఆ నీరసపు క్రిములు లోపల చేరితే మన ఒంటి కాపలావాళ్ళు మేలుకుని, వాటితోపాటు క్యాన్సర్ కణాల మీదా పడతారు. వారానికొకటి చొప్పున ఆరు వారాలు. సన్నని గొట్టంతో మందు ఎక్కించి పంపేస్తారు, రెండు గంటలు బిగబట్టాలి. ఆ పూట కాఫీ తాగకపోతే మంచిది. నాకు ఆ రెండు గంటలు రెండు యుగాలయ్యేవి. పాత మేగజైన్లు ముందేసుకుని కూర్చునేదాన్ని.

ఇంటికొచ్చాక జాగ్రత్త ఉంది. మొదటి ఆరు గంటలు ఒంటికి వెళ్ళినప్పుడల్లా కూర్చునే వెళ్ళాలి, బ్లీచింగ్ ద్రావణం పోసి పావుగంట ఉంచి అప్పుడు నీళ్ళు కొట్టాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. భార్యాభర్తల విషయంలో ఎన్నాళ్ళు ఆగాలో డాక్టరుని అడగండి, మొహమాటపడకండి. ఒకటి రెండు రోజులు మంట, ఒళ్ళునొప్పులు, కొద్దిపాటి జ్వరం మామూలే. చలితో పెద్ద జ్వరం వచ్చి దిగకపోతే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, బి.సి.జి. ఎక్కించారని మొట్టమొదట చెప్పాలి.

మందు అయిపోయింది కదా అని ఊపిరి పీల్చుకుంటే, మూడు నెలలకోసారి మళ్ళీ గొట్టం పరీక్ష. ఈ జబ్బు తిరిగొచ్చే స్వభావం కలది. రెండో ఏడు నాకు మళ్ళీ చిన్నది కనిపించింది, తీసేశారు. ఇప్పుడు ఏడాదికోసారి వెళుతున్నాను. ఆ తేదీ దగ్గరపడిన వారం ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. చారులో ఉప్పు రెండుసార్లు పడుతుంది! ఆ వారం మావారు వంట బాగోలేదని ఒక్క మాట అనరు.

ఆయన సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. ముప్ఫై ఏళ్ళు సిగరెట్లు కాల్చారు. నా జబ్బుకి అదే కారణమని ఏ డాక్టరూ రాసివ్వలేదు, నేనూ అనను. కాని ఈ క్యాన్సర్లలో సుమారు సగం పొగాకువల్లే. పొగలోని విషాలు రక్తంలో కలిసి, మూత్రపిండాల్లో వడకట్టబడి, మూత్రాశయంలో గంటల తరబడి నిలవుంటాయి. శ్రీకాకుళం, విశాఖ వైపు పెద్ద ముత్తైదువలు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారే, వాళ్ళకి నోటి సంగతే చెబుతాం, ఇదీ చెప్పాలి. మావారు ఆసుపత్రి వరండాలోనే పెట్టె పారేశారు. జబ్బు వచ్చినవాళ్ళు మానినా లాభమేనట.

ఇక బంధువులు. "ఏమిటి ఒంట్లో?" అంటే మొదట్లో మా ఆడపడుచు నాకు బదులు "కడుపులో ఏదో గడ్డ" అని సర్దిచెప్పేది. నేనే ఒకరోజు పేరంటంలో పేరు పెట్టి చెప్పేశాను. క్షణంపాటు నిశ్శబ్దం. తర్వాత చెయ్యి కడుక్కునే చోట ఇద్దరు నా దగ్గరకొచ్చి, తమకీ ఎప్పుడో ఒకసారి ఎర్రగా కనిపించిందని చెవిలో చెప్పారు. ఇద్దర్నీ పరీక్షకి పంపాను. ఒకావిడకి మూత్రపిండంలో రాయి, ఇంకొకావిడకి ఏమీ లేదు.

మూత్రాశయం తీసేస్తే బతుకేమిటని చాలామంది అడుగుతారు. నా పక్క మంచం మీద ఉన్నావిడకి తీసేశారు. ఆవిడ జబ్బు కండలోకి దిగింది, గర్భసంచి కూడా తియ్యాల్సి వచ్చింది. చిన్నపేగులోంచి ఓ 15 సెంటీమీటర్ల ముక్క తీసి, మూత్రనాళాలు దానికి కలిపి, బొడ్డుకి కుడిపక్కన కొంచెం కిందుగా చిన్న ద్వారం పెట్టారు. దానిమీద సంచీ అంటిస్తారు. కొందరికి పేగుతోనే లోపల కొత్త సంచి కడతారు, అందరికీ కుదరదు. ఆవిడ తెలివైన మనిషి. ఆపరేషన్‌కి ముందురోజు ద్వారం చోటు గుర్తుపెట్టడానికి వస్తే, ఆసుపత్రి గౌను విప్పేసి చీర కట్టుకుని కూర్చుంది. "లంగా బొందు ఇక్కడ బిగుస్తుంది, కూర్చుంటే ఇక్కడ మడత పడుతుంది, చూసి పెట్టండి" అంది. ఆ నర్సు నవ్వి, రెండు వేళ్ళు కిందికి జరిపి గుర్తు పెట్టింది.

ఇప్పుడావిడ కొద్దిరోజులకోసారి సంచీ తనే మార్చుకుంటుంది. కింద చిన్న కుళాయిలాంటిది ఉంటుంది, నిండకముందే తిప్పి వదిలేస్తుంది. రాత్రిళ్ళు పొడుగు గొట్టంతో పెద్ద సంచీ తగిలించుకుని తెల్లవార్లూ నిద్రపోతుంది. మూత్రంలో తెల్లని జిగురు కనిపిస్తే మొదట హడలిపోయిందిట, పేగుముక్క కాబట్టి అది సహజమేనన్నారు. పోయిన మాఘంలో ఇద్దరం ఒక పెళ్ళికి రైల్లో వెళ్ళాం. రాత్రి రెండు గంటలవేళ ఆ ఊగే బండిలో నేను మరుగుదొడ్డి ముందు వరసలో నిలబడితే, ఆవిడ కింది బెర్తు మీదనించి దుప్పటి తీసి చూసి, "పాపం, మీకే కష్టం వదినగారూ" అని మళ్ళీ ముసుగుతన్నింది.