తాళంచెవి కూడా అమానతే

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.



మక్కావాసులు తమ విలువైన వస్తువులను ప్రవక్త ముహమ్మద్ (స) వద్ద దాచుకునేవారు. హిజ్రత్ సమయంలో కూడా ఆ అమానతులను ఎవరివి వారికి చేర్చే బాధ్యతను ఆయన హజ్రత్ అలీ (రజి)కి అప్పగించి వెళ్లారు. ఈ చరిత్ర మనందరికీ తెలిసిందే. ఈ రోజు మేము మాట్లాడదలచింది కంప్యూటర్‌లోకి చేరిన అమానత్ గురించి.

ఇదివరకు సంస్థ లెక్కలు పద్దుపుస్తకంలో, పుస్తకం బీరువాలో, తాళంచెవి కోశాధికారి దగ్గర ఉండేవి. ఇప్పుడు దాతల పేర్లు, జకాత్ అందుకునే వితంతువుల బ్యాంకు ఖాతాలు, స్కాలర్‌షిప్ పిల్లల వివరాలు డేటాబేస్‌లో ఉంటున్నాయి. దాని పాస్‌వర్డే తాళంచెవి. చాలాచోట్ల ఆ పాస్‌వర్డ్‌ను ప్రోగ్రాం కోడ్‌లోనే రాసేస్తారు. అప్పుడు కోడ్ నకలు ఎంతమంది దగ్గరుంటే తాళంచెవి అంతమంది దగ్గర ఉన్నట్టే.

2016లో ఊబర్ సంస్థలో ఇదే జరిగింది. ఇంజనీర్లు కోడ్ దాచుకున్న గిట్‌హబ్‌లోకి చొరబడినవారికి అక్కడ క్లౌడ్ తాళంచెవి దొరికింది. దాంతో 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. అంత పెద్ద సంస్థ కోలుకుంటుంది. మన దగ్గర సాయం పొందిన ఒక తల్లి పేరు వీధిలో పడితే ఆమె పరువు తిరిగి రాదు. గుప్తదానం చేసినవారి గోప్యత కూడా అంతే.

దీనికి క్లౌడ్ ఖజానా అనే మార్గం ఉంది. అమెజాన్ క్లౌడ్‌లో దాని పేరు సీక్రెట్స్ మేనేజర్. 2022 నవంబరు నుంచి ఆ క్లౌడ్ కేంద్రం మన హైదరాబాదులోనూ ఉంది. పాస్‌వర్డ్‌ను ఖజానాలో ఒక పేరుతో దాస్తారు. కోడ్‌లో ఆ పేరు మాత్రమే ఉంటుంది. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఖజానాను అడుగుతుంది. అనుమతి ఉన్న ప్రోగ్రాంకే జవాబు వస్తుంది. ఎవరు ఎప్పుడు అడిగారో చిట్టాలో నమోదవుతుంది.

మార్చడం కూడా కోడ్‌తోనే. కొత్త పాస్‌వర్డ్ పంపితే అది కొత్త ప్రతిగా చేరి, 'ప్రస్తుతం' అనే గుర్తు దానికి వస్తుంది. పాతదానికి 'మునుపటిది' అనే గుర్తు పడుతుంది. ప్రోగ్రాం మళ్లీ అడిగినప్పుడు కొత్తదే అందుతుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. అయితే ఖజానాలో మాత్రమే మారిస్తే చాలదు. తాళంచెవితోపాటు తాళమూ మారాలి. అందుకే ఈ మార్పిడిని నాలుగు మెట్లుగా చేస్తారు: కొత్త పాస్‌వర్డ్ తయారుచేయడం, దాన్ని డేటాబేస్‌లో అమర్చడం, తెరుచుకుంటుందో లేదో పరీక్షించడం, ఆ తర్వాతే 'ప్రస్తుతం' అనే గుర్తు మార్చడం. పొరపాటున చెరిపేసినా మామూలుగా 7 నుంచి 30 రోజుల గడువు ఉంటుంది, ఆలోగా తిరిగి తెచ్చుకోవచ్చు.

మరో మాట. కోడ్‌లోంచి పాత పాస్‌వర్డ్ తుడిచేసినంత మాత్రాన అది పోదు. గిట్ పాత ప్రతులన్నిటినీ దాచి ఉంచుతుంది. ఒకసారి కోడ్‌లో పడిన పాస్‌వర్డ్‌ను మార్చి తీరాలి.

ఖర్చు ఒక్కో రహస్యానికి నెలకు 40 అమెరికన్ సెంట్లు, పదివేల సార్లు అడిగితే మరో 5 సెంట్లు. నెలకు ఒక పూట టీ ఖర్చుకు మించదు.

దాతలారా! మీరు ఆడిట్ రిపోర్టు అడుగుతారు, అది మీ హక్కు. ఇకమీదట మరో మూడు ప్రశ్నలు కూడా అడగండి. మన పాస్‌వర్డులు ఎక్కడ ఉన్నాయి? చివరిసారి ఎప్పుడు మార్చారు? పని మానేసిన ఉద్యోగి అనుమతి ఆ రోజే తీసేశారా? వీటికి వెంటనే జవాబు చెప్పగల కమిటీకి మీ రూపాయితోపాటు మీ పేరునూ నిశ్చింతగా అప్పగించవచ్చు.

అల్లాహ్ మనందరికీ అమానత్‌ను కాపాడే భాగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.