ఇంటిల్లిపాదికీ ఒకే వంట



డిశ్చార్జి కాగితం చేతికిచ్చేటప్పుడు ఏ మందు ఎప్పుడు వేయాలో మీకు వివరంగా చెబుతాము. మీరు శ్రద్ధగా వింటారు. అంతా అయ్యాక, చీటీ మడిచి సంచిలో పెట్టుకుంటూ నెమ్మదిగా ఒక ప్రశ్న అడుగుతారు. "సిస్టరమ్మా, మరి తిండి సంగతి? ఇక జీవితాంతం చప్పిడి కూడేనా?" ఇరవై ఏళ్ళకు పైగా ఈ ప్రశ్న వింటున్నాను. ఈ రోజు దానికే జవాబు చెబుతాను.

చప్పిడి కూడు అక్కరలేదు. బి.పి., షుగరు, గుండె జబ్బు ఉన్నవారు కూడా రుచిగా తినవచ్చు. అప్పుడప్పుడు హోటలుకు వెళ్ళవచ్చు. కాని రోగికి ఒక వంట, మిగతావారికి ఒక వంట అనే పద్ధతి మాత్రం పెట్టుకోకండి. ఇది నర్సింగు పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. మా ఇంట్లో నేను చేసిన తప్పువల్ల నేర్చుకున్నది.

మా నాన్నగారి గిన్నె

మా నాన్నగారు బస్సు కండక్టరు. రాత్రి డ్యూటీ దిగాక బస్టాండు పక్కనున్న చిన్న హోటలులో పెసరట్టు, అల్లప్పచ్చడి తిని ఇంటికి వచ్చేవారు. జీతం వచ్చిన రోజున మాకూ ఆకులో కట్టించి తెచ్చేవారు. ఆయనకు బి.పి. ఉందని తెలిసేసరికి నేను ఉద్యోగంలో చేరి కొన్నేళ్ళయింది. నర్సును కదా, నాకు అన్నీ తెలుసు అనుకున్నాను. ఒక్క రోజులో అన్నీ మాన్పించేశాను. పచ్చడి జాడీలు ఆయనకు అందకుండా అటక ఎక్కించాను. ఉప్పు, కారం, పోపు ఏమీ లేని కూర వేరే చిన్న గిన్నెలో వండి పెట్టేదాన్ని. మేమందరం చేపల పులుసు కలుపుకొని తింటుంటే, ఆయన ఆ గిన్నె ముందు తల వంచుకొని నాలుగు ముద్దలు తిని లేచిపోయేవారు.

కొన్నాళ్ళకు సాయంత్రం పూట "పేపరు చదువుకొని వస్తాను" అని బయటికి వెళ్ళడం మొదలుపెట్టారు. వెళ్ళేది మిర్చి బజ్జీల బండి దగ్గరికని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ఎలాగూ పథ్యం చెడిపోయింది, ఇక మాత్రలు మాత్రం ఎందుకు అనుకొని, మాకు చెప్పకుండా అవి కూడా మానేశారు. రెండేళ్ళు తిరగకముందే పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది.

బజ్జీలవల్లే పక్షవాతం వచ్చిందని నేను అనను. బి.పి. మాత్రలు మానడం ఎంత ప్రమాదమో మీకు తెలుసు. కాని ఆయన మా దగ్గర దాచిపెట్టే పరిస్థితి తెచ్చింది నేనే. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చొని మా అమ్మ ఒకే మాట అంది. "కూరలో కారం లేనందుకు కాదే అమ్మాయ్, మనతో కలిపి పెట్టనందుకు."

ఇంటికి తీసుకువెళ్ళాక ఆ వేరే గిన్నె తీసేశాము. ఇంట్లో అందరి కూరలోనూ ఉప్పు, నూనె తగ్గించాము. మొదటి వారం మా తమ్ముడు గొణిగాడు. నెల తిరిగేసరికి అందరికీ అలవాటైంది. నాలుకకు ఆ గుణం ఉంది. ఉప్పు కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే, కొన్ని వారాల్లో తక్కువ ఉప్పే సరిపోయినట్లు అనిపిస్తుంది. ఒక్కసారిగా మానితే ఎవరికీ సాధ్యం కాదు.

ఉప్పు లెక్క

పెద్దవారికి రోజుకు 5 గ్రాముల ఉప్పు మించకూడదు. అంటే ఒక చిన్న టీ చెంచాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇదే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలలో ఉన్నదీ ఇదే. ఇది కూరలో వేసే ఉప్పు ఒక్కటే కాదు. పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ, మజ్జిగలో వేసుకునేది, హోటలులో తినేది, అన్నీ కలిపి.

ఇంట్లో దీన్ని ఎలా కొలవాలి? ఒక సులువైన పద్ధతి చెబుతాను. ఉప్పు ప్యాకెట్టు విప్పిన రోజున దానిమీద తారీఖు రాయండి. ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళుంటే రోజుకు 20 గ్రాములు. ఆ లెక్కన కిలో ప్యాకెట్టు కనీసం 50 రోజులు రావాలి. నిల్వ పచ్చళ్ళు, బయటి తిండి కూడా ఉంటే ఇంకా ఎక్కువ రోజులు రావాలి. మీ ఇంట్లో నెల తిరగకముందే అయిపోతోందంటే ఎక్కువ వాడుతున్నట్లే. నూనెకు కూడా ఇలాగే లెక్క చూసుకోండి. మనిషికి నెలకు ముప్పావు లీటరు చాలు.

గుండె బలహీనంగా ఉన్న రోగులు పండుగకు రెండు రోజులు ఆవకాయ, అప్పడాలు తిని, ఆ తర్వాత కాళ్ళు వాచి, ఆయాసంతో రాత్రిపూట మా దగ్గరకు రావడం మేము చూస్తూనే ఉంటాము. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నీటి బరువును బలహీనమైన గుండె మోయలేదు. ఆవకాయ చెడ్డదని కాదు. నిల్వ ఉండడానికే దానిలో అంత ఉప్పు వేస్తాము. అందుకే ఇలాంటి రోగికి అది కూర స్థానంలో ఉండకూడదు.

మరొక హెచ్చరిక. సోడియం తక్కువని చెప్పి బజారులో అమ్మే ఉప్పులో పొటాషియం కలిపి ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, కొన్ని రకాల బి.పి. మందులు వాడేవారికి అది ప్రమాదం. డాక్టరుగారిని అడగకుండా కొనకండి.

రుచి ఎలా వస్తుంది?

ఉప్పు తగ్గించినప్పుడు పులుపు, ఘాటు, వాసన మనకు సాయం చేస్తాయి. నిమ్మరసం, చింతచిగురు, మామిడికాయ, అల్లం, వెల్లుల్లి, జీలకర్ర, కరివేపాకు, కొత్తిమీర మన పెరట్లో, మన సంతలో దొరికేవే. పోపు మానేయవద్దు. గరిటెడు నూనెకు బదులు రెండు చెంచాలతో వేయండి.

గోంగూర సంగతే చూడండి. నిల్వ పచ్చడిలో ఉప్పు, నూనె మునిగేంత ఉంటాయి. అదే ఆకుతో పప్పు చేస్తే ఇంటిల్లిపాదీ తినవచ్చు. నలుగురికి ఒక గ్లాసు కందిపప్పు విడిగా మెత్తగా ఉడికించండి. పులుపు ముందే వేస్తే పప్పు సరిగ్గా ఉడకదు. రెండు కట్టల గోంగూర, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక ఉల్లిపాయ కొద్ది నీళ్ళతో మగ్గనిచ్చి పప్పులో కలిపి మెదపండి. ఉప్పు అందరికీ కలిపి ఒక టీ చెంచా తలగొట్టి వేయండి. దించేముందు రెండు చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, చితక్కొట్టిన వెల్లుల్లి, ఎండుమిరపకాయ, కరివేపాకుతో పోపు పెట్టండి. వేడి అన్నంలో ఈ పప్పు కలిపి పెడితే "నాకు పచ్చడి ఏది?" అని అడిగేవారు తక్కువ.

పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండేలా చూడండి. మిగతా సగంలో అన్నం, పప్పు, గుడ్డు, చేప వంటివి సరిపెట్టండి. మన ఇళ్ళలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. పళ్ళెం నిండా అన్నం, అంచున కొంచెం కూర. షుగరు ఉన్నవారికి ఈ అలవాటే ఎక్కువ నష్టం చేస్తుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం పప్పు, పండ్లు, ఆకుకూరలు, నీళ్ళు కూడా కొలతగానే ఇవ్వాలి. వారు డాక్టరుగారు రాసిచ్చిన ప్రకారమే నడుచుకోవాలి.

హోటలుకు వెళ్ళినప్పుడు

హోటలుకు తీసుకువెళ్ళడం పాపమేమీ కాదు. నెలల తరబడి మంచం మీద ఉన్న మనిషికి చొక్కా మార్చుకొని నలుగురి మధ్య కూర్చొని తినడం కూడా ఒక ఔషధమే. కొన్ని జాగ్రత్తలు పాటించండి.

టిఫిను హోటలులో ఇడ్లీ, పెసరట్టు మంచివి. ఇడ్లీ ఆవిరిమీద ఉడికేది. పెసరట్టు పొట్టు పెసలతో చేసేది కాబట్టి పీచు, మాంసకృత్తులు ఉంటాయి. షుగరు రోగికి పూరీ, మైసూరు బజ్జీ, మైదాతో చేసినవాటికంటే ఇది మేలు. ఉప్మాతో కలిపిన ఎమ్మెల్యే పెసరట్టు తీసుకుంటే ఇద్దరు పంచుకోండి. "నూనె తక్కువ వేయి బాబూ" అని పెనం దగ్గరున్న వంటమనిషికి ముందే చెప్పండి. సిగ్గుపడవలసిన పని లేదు. సాంబారులో ఇడ్లీ ముంచుకొని తినడం తగ్గించండి. అందులోనూ, చట్నీలోనూ ఉప్పు ఎక్కువ. ఏదో ఒక చట్నీ కొద్దిగా చాలు.

భోజనం హోటలులో వడ్డించేవారు అడక్కుండానే అన్నం వేస్తూ పోతారు. ముందు కూర, పప్పు తినండి. అన్నం ఒక్కసారే వడ్డించుకొని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టండి. పచ్చడి, అప్పడం వేయవద్దని ముందే చెప్పండి. బిర్యానీ అయితే ఒక ప్లేటు ఇద్దరికో ముగ్గురికో పంచండి. అది తిన్న రోజు రెండో పూట ఇంట్లో తేలికగా, ఉప్పు బాగా తగ్గించి పెట్టండి.

బజ్జీలు, పునుగులు మాత్రం చూసి తినండి. మూకుడులో నూనె నల్లగా, చిక్కగా ఉండి, పొగలు కక్కుతుంటే అది ఎన్నోసార్లు కాగిన నూనె. అక్కడ నుంచి వెనక్కి వచ్చేయండి. కర్రీ పాయింటు నుంచి తెచ్చుకునేవారు వేడి సాంబారు, కూరలు పల్చటి కవర్లలో పోయించుకోకుండా ఇంటినుంచి స్టీలు క్యారియరు తీసుకువెళ్ళండి. ఆ కూరల్లో ఉప్పు, నూనె ఎక్కువగా ఉంటే ఉప్పు వేయని ఉడికించిన కూరగాయలు కలిపి పలచన చేయండి.

షుగరు ఉన్నవారి విషయంలో ఒక మాట తప్పకుండా జ్ఞాపకం ఉంచుకోండి. ఇన్సులిన్ గాని, షుగరు మాత్ర గాని ఇంట్లో వేసి హోటలుకు బయలుదేరవద్దు. దారిలో ఆలస్యమవుతుంది, హోటలులో బల్ల ఖాళీ ఉండదు, ఆర్డరు రావడానికి ముప్పావు గంట పడుతుంది. ఈలోగా షుగరు పడిపోతుంది. భోజనానికి ముందు వేయమని చెప్పిన మందు వెంట తీసుకువెళ్ళి, భోజనం బల్లమీదకు వచ్చాక ఇవ్వండి. రోగికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంటే వెంటనే 3 చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

మీ సంగతి కూడా చూసుకోండి

రోగిని కనిపెట్టుకొని ఉండే మీరు ఒక పూట టీ బన్నుతో, మరో పూట గేటు ఎదురుగా ఉన్న బండిమీది పకోడీతో గడిపేస్తారు. మీలో చాలామందికి కూడా బి.పి. ఉంటుంది, చూపించుకోరు. మా వార్డుకు వచ్చినప్పుడు ఒకసారి చూపించుకోండి. ఇంట్లో అందరి వంటా మారాలని నేను చెప్పడానికి ఇదొక కారణం. రోగికి మంచిది మీకూ మంచిదే.

చివరగా మా నాన్నగారి సంగతి చెప్పి ముగిస్తాను. పక్షవాతం వచ్చిన ఏడాదికి, మింగడంలో ఇబ్బంది పోయిందని డాక్టరుగారు చెప్పాక, ఒక ఆదివారం ఆయనను అదే బస్టాండు పక్క హోటలుకు తీసుకువెళ్ళాము. యజమాని గుర్తుపట్టి లేచి వచ్చారు. ఒక పెసరట్టు, నూనె తక్కువ, అల్లప్పచ్చడి చెంచాడు. అమ్మ ముక్కలు చేసి పెట్టింది. ఆయన ఎడమ చేత్తో చెంచా పట్టుకొని, ముక్క ముక్కా ఆరగా ఆరగా తిన్నారు. సగం తిన్నాక పళ్ళెం నావైపు జరిపి, "నువ్వు కూడా తినమ్మా" అన్నారు. ఆ రోజునుంచి మాత్రల డబ్బా ఆయనే అడిగి తెప్పించుకునేవారు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మాతో ఉన్నారు.

ఇంటికి వెళ్ళాక మీరు మొదట చేయవలసిన పని ఒకటే. ఉప్పు ప్యాకెట్టు మీద తారీఖు రాసి, మీ రోగిని మీ పంక్తిలో కూర్చోబెట్టుకోండి.