దస్తర్‌ఖాన్ మీద రోజూ దొరికే సంతోషం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ సభలో మమ్మల్ని చదువు గురించి మాట్లాడమంటారు. పదో తరగతి ఫలితాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఆడపిల్లల బడి మానివేత, ఇవే మా పాత పాఠాలు. ఈసారి కార్యదర్శి సాబ్ అంశం మార్చారు. పట్నం బతుకులో రోజువారీ సంతోషం, తిండి, షుక్ర్. ఈ మూడింటినీ కలిపి మాట్లాడమన్నారు. తేలికైన అంశమని వారు అనుకొని ఉంటారు. మాకైతే ఇది చదువు కంటే బరువైనదిగానే తోచింది. ఎందుకో చివర్లో చెబుతాం.

ముందు పట్నం సంగతి. ఇబ్రహీంపట్నంలో ఉన్నవాళ్ళం, మనకు పట్నం బతుకేమిటి అని కొందరు అనవచ్చు. గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరు మన ఊరికి ఉంది. మన పెద్దచెరువు ఆయన కాలపుదే. ఆయన కొడుకు మహమ్మద్ కులీ హైదరాబాద్ కట్టించింది 1591లో. అంటే చార్మినార్ కంటే మన చెరువు కట్టే వయసులో పెద్దది. ఈ మాట చెబితే మా ఎనిమిదో తరగతి పిల్లలు ఛాతీ విరుచుకుంటారు. ఇప్పుడేమో బొంగుళూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, ఆదిభట్లలో కంపెనీలు వచ్చాయి, సాగర్ రోడ్డు పొడవునా కాలేజీలు వచ్చాయి. మనం పట్నానికి పోకముందే పట్నమే మన గడపలోకి వచ్చింది. దానితో పాటే అద్దెలూ వచ్చాయి, ఈఎంఐలూ వచ్చాయి, తెల్లారకముందే ఎల్బీనగర్ బస్సు కోసం పరుగూ వచ్చింది.

ఈ పరుగులో సంతోషం ఎక్కడుందని అడిగితే పెద్ద జవాబులు వెతకనక్కర్లేదు. తెల్లవారుజామున మన బస్టాండుకు పోయి నిలబడండి. మంచాల వైపు నుంచి, యాచారం వైపు నుంచి కూరగాయల గంపలతో ఆడవాళ్ళు దిగుతారు. తోటకూర కట్టల మీద ఇంకా తడి ఉంటుంది. 1999 జనవరిలో రైతుబజార్లు మొదలైనప్పటి నుంచి సరూర్‌నగర్ దాకా పోయి తామే తూకం వేసి అమ్ముకుంటున్న కుటుంబాలు మన చుట్టుపక్కల ఉన్నాయి. బస్సు వచ్చేలోపు ఒక ఛాయ్ తెప్పించుకొని ఇద్దరు పంచుకుంటారు. వన్ బై టూ. ప్రపంచంలో ఎన్ని ఊళ్ళలో సగం కప్పు అడిగితే హోటల్‌వాడు చిన్నబుచ్చకుండా రెండో కప్పు తెచ్చి పెడతాడో మాకు తెలియదు గానీ, హైదరాబాద్ చుట్టుపక్కల అది మర్యాద. ఇరాన్ నుంచి వచ్చి స్థిరపడినవారు నేర్పిన ఛాయ్ అది. డికాషన్ మూత పెట్టిన గిన్నెలో సన్నని మంట మీద విడిగా మరుగుతుంది, పాలు విడిగా చిక్కబడతాయి, రెండూ కలిసేది కప్పులోనే. పక్కన తీపీ ఉప్పూ కలిసిన ఉస్మానియా బిస్కెట్. ఆ పది నిమిషాలు ఆ అమ్మలు నవ్వుకుంటూ మాట్లాడుకోవడం చూస్తే, సంతోషానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదని అర్థమవుతుంది.

మన ఇళ్ళలో నాష్తా సంగతి చెప్పనక్కర్లేదు. మసూర్ పప్పు వేసిన ఖిచిడీ, చింతపండు నువ్వులు నూరిన ఖట్టా, ఉంటే ఖీమా, లేకపోతే అప్పడం. సహరీకి కూడా చాలా ఇళ్ళలో ఇదే. పొరుగింటి తెలుగు అక్క ఉగాది పచ్చడి పంపుతుంది, మనింటి నుంచి షీర్ ఖుర్మా పోతుంది. పీర్ల పండగకు పల్లెల్లో చేసే మలీద, బతుకమ్మ నాడు ఆడవాళ్ళు పంచుకునే మలీద, పేరూ ఒకటే, బెల్లం రొట్టె ముద్దా ఒకటే. ఏది ఎవరి నుంచి వచ్చిందో తేల్చే పని పండితులకు వదిలేద్దాం. తినేవాళ్ళకు ఆ తగాదా లేదు.

ఇక హలీం. దీని దగ్గర కాస్త ఆగుతాం, రంజాన్ దగ్గర పడుతోంది కనుక. యెమెన్ హద్రమౌత్ ప్రాంతం నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బులు బార్కస్‌లో స్థిరపడ్డారు. బారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. వాళ్ళ వంట హరీస్. గోధుమ, మాంసం, అంతకంటే పెద్ద ఆర్భాటం లేదు. ఆ హరీస్‌కు మన నేల పప్పులు, పచ్చిమిర్చి, మసాలా, నెయ్యి తోడై ఇవాళ్టి హైదరాబాదీ హలీం అయింది. పత్తర్‌గట్టి దగ్గరి మదీనా హోటల్ 1950ల నుంచి దాన్ని బజారు వంటగా నిలబెట్టిందని పాతబస్తీ పెద్దలు చెబుతారు. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన దేశంలో మాంసాహార వంటకానికి ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను వంటల సృజన నగరాల జాబితాలో చేర్చింది.

గుర్తింపులు సరే. వండేవాళ్ళను ఎప్పుడైనా చూశారా? ఇటుకా మట్టితో కట్టిన భట్టీ, అందులో సగం దిగిన దేగ్, కింద కట్టెల మంట. పొద్దున మొదలుపెడితే అసర్ నమాజు వేళకు గాని చేతికి రాదు, దాదాపు పన్నెండు గంటల పని. చివరి దశలో ఇద్దరు మనుషులు దేగ్‌కు చెరోవైపు నిలబడి పొడవాటి కర్ర ఘోట్నాలతో దంచుతారు. గోధుమ ఏదో మాంసం ఏదో తెలియనంతవరకు దంచాలి. ఆ మంట దగ్గర నిలబడి, చాలామంది రోజాతోనే, ఒక్క చుక్క రుచి చూడకుండా ఆ పని చేస్తారు. ఉప్పు సరిపోయిందా లేదా అన్నది వాసనతోనే చెప్పే ఉస్తాదులున్నారు. మగ్రిబ్ అజాన్ తర్వాత మనం చెంచా ముంచేటప్పుడు ‘అల్‌హందులిల్లాహ్’ అంటాం. ఆ షుక్ర్‌లో ఘోట్నా పట్టిన చేతులు కూడా ఉండాలి కదా! వాళ్ళలో ఎందరో బయటి ఊళ్ళ నుంచి నెల రోజుల కూలికి వచ్చినవాళ్ళు. పండగ నాడు వాళ్ళ పిల్లలకు కొత్త బట్టలు వచ్చాయో లేదో మనలో ఎవరం అడగం.

మదీనా అన్నాం కనుక ఒక మాట. ఆ హోటల్ ఉన్న మదీనా భవనం అద్దెలు ఒకప్పుడు అరేబియాలోని మదీనా నగరపు పేదల కోసం వక్ఫ్ చేసినవి. అక్కడ చమురు సొమ్ము ఇంకా రాని రోజులు. ఇవాళ మన పిల్లలు అదే అరబ్బు దేశాలకు పోయి సంపాదించి పంపుతుంటే ఈ ఊళ్ళో ఇళ్ళు లేస్తున్నాయి, మన సొసైటీ పెట్టె నిండుతోంది. పెట్టే చేయి ఎప్పుడూ ఒకటే ఉండదు. ఇది గుర్తుంటే ఇచ్చేటప్పుడు తల కొంచెం వంగుతుంది.

ఇప్పుడు మా బడి సంగతికి వస్తాం. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చాక, 2003 నుంచి మన దగ్గర బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం వచ్చింది. 2015 నుంచి తెలంగాణ బడుల్లో సన్నబియ్యం వచ్చింది. వారానికి మూడు గుడ్లున్నాయి. 2023లో రాగి జావ చేరింది. గుడ్డు రోజు హాజరు పట్టీ నిండుగా ఉంటుందని ఏ టీచరును అడిగినా చెబుతారు. సన్నబియ్యం వచ్చిన రోజులు మాకు బాగా గుర్తు. ఆకలి తీరడం దొడ్డు బియ్యంతోనూ జరిగేది. కానీ సన్నన్నం చూసి పిల్లలు “ఇంట్లో పండగన్నం లెక్కనే ఉంది” అనుకున్నారు. అంతవరకు పళ్ళెంలో వదిలేసేవాళ్ళు రెండోసారి వడ్డించుకున్నారు. పేదవాడికి కడుపు మాత్రమే ఉంటుందని, నాలుక ఉండదని మనం తెలియకుండానే అనుకుంటాం. ఆ ఆలోచన తప్పని మాకు చూపింది ఆ పళ్ళేలే.

సోమవారం ఉదయం ప్రార్థనలో కళ్ళు తిరిగి కూర్చుండిపోయే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. తల్లిదండ్రులు ఆరింటికే కూలి అడ్డాకు పోతారు, పొయ్యి వెలగదు. బడి లేని ఆదివారం మధ్యాహ్నం కూడా సరిగా తినకపోతే సోమవారానికి ఇలా అవుతుంది. అలాంటి ఇళ్ళ కోసమే కదా మనం రేషన్ కిట్లు ఇస్తున్నది. అసలు మాట ఇక్కడే చెప్పాలి. దాతలు కోపగించుకోవద్దు.

కొన్నాళ్ళ కింద మన పరిసరాల్లో ఒకచోట కిట్ల పంపిణీ జరిగింది. ఎవరు చేశారన్నది ఇక్కడ అనవసరం. ఎండలో వరుస, వెనక ఫ్లెక్సీ, ఒక్కో సంచీని నలుగురు పట్టుకొని ఫోటో. సాయంత్రానికి ఆ ఫోటోలు వాట్సాప్ గ్రూపులన్నింటికీ చేరాయి. మా పదో తరగతి అమ్మాయి ఒకతె తల్లితో పాటు ఆ ఫోటోలో ఉంది. మరునాటి నుంచి మూడు రోజులు బడికి రాలేదు. చదువులో మొదటి వరుస పిల్ల. మేము ఇంటికి పోతే తల్లి ఒక్కటే అన్నది: “సార్, ఆ బియ్యం వండితే పిల్ల తింటలేదు.” ఇచ్చినవారి నియ్యత్ మంచిదే అయి ఉండవచ్చు. సంచీలో పది కిలోల బియ్యం ఉంది, నూనె ఉంది, సేమియా, ఖర్జూరం కూడా ఉన్నాయి. అయినా ఆ ఇంట్లో ఆ పూట అన్నం గొంతు దిగలేదు.

షుక్ర్ గురించి మాట్లాడమన్నారు. తీసుకునేవాళ్ళ నుంచి మనం కృతజ్ఞత ఎదురుచూస్తే అది షుక్ర్ కాదు, వసూలు. షుక్ర్ చేయాల్సింది ఇవ్వగలిగిన మనం. కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదన్న బోధ మనందరికీ చిన్నప్పటి నుంచి నోటికి వచ్చు. మరి దాన్ని మూడు వందల మంది ఉన్న గ్రూపుకు ఎందుకు తెలియజేస్తున్నాం?

వేరే దారి ఉందా అంటే ఉంది, మన పక్కనే ఉంది. పాతబస్తీలో దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద 2012 నుంచి అజర్ మఖ్సూసీ గారు మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు. ఆయన కోటీశ్వరుడు కాదు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పని చేసుకునే మనిషి. చిన్నతనంలోనే తండ్రి పోయి ఆకలి అంటే ఏమిటో చూసినవారు. రైల్వే స్టేషన్ దగ్గర ఆకలితో ఏడుస్తున్న ఒక స్త్రీకి తన డబ్బా ఇచ్చేయడంతో మొదలైందని ఆయనే చెప్పుకున్నారు. మొదట్లో అన్నం ఇంట్లోనే వండేవారు. ఎవరి పేరూ, మతమూ, రేషన్ కార్డూ అడగరు. వచ్చినవాళ్ళు వరుసగా కూర్చుంటారు, వేడి అన్నం, పప్పు వడ్డిస్తారు. నిలబెట్టి చేతిలో పొట్లం పెట్టడానికీ, కూర్చోబెట్టి వడ్డించడానికీ ఎంత తేడా ఉందో మన దావత్‌లలో మనకు బాగా తెలుసు. సరైన చోట కూర్చోబెట్టలేదని అలిగిపోయిన బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు.

కనుక ఈ రంజాన్‌కు మా విన్నపం ఇది. కిట్లు కట్టడం మానేద్దాం. మన బజారులో ఉద్దెర ఖాతాలు నడిపే కిరాణా దుకాణాలున్నాయి. ఒక్కో కుటుంబం పేరు మీద అదే సొమ్ము ఖాతాలో వేద్దాం. ఆ తల్లి మామూలు గిరాకీలా పోయి తనకు కావలసింది తాను తీసుకుంటుంది. ఒకామెకు బియ్యం కోటా డిపోలో వస్తాయి, ఆమెకు కావలసింది ఛాయ్‌పత్తా, చింతపండు, నువ్వులు. ఇంకొకామెకు బిడ్డ పరీక్షల వేళ పాలు. ఎవరికి ఏం కావాలో మనకంటే వాళ్ళకే బాగా తెలుసు. దుర్వినియోగం కాదా అని మొన్న కమిటీలో ఒక సాబ్ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సబ్బుకో బిస్కెట్ పుడకో కొంత పోతుంది. పోనివ్వండి. రోజా విప్పే వేళ పిల్లాడి చేతికి ఒక ఉస్మానియా బిస్కెట్ రావడాన్ని మేము దుర్వినియోగం అనలేం.

ఇందులో చిక్కులు లేవని కాదు. దాతలకు చూపడానికి ఫోటో ఉండదు. కొందరు చందా తగ్గించవచ్చు కూడా. లెక్క మాత్రం పైసాతో సహా ఉంటుంది. దుకాణదారుల బిల్లులు, ఖాతాల మొత్తం కమిటీ రిజిస్టరులో ఎక్కుతాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. పేర్ల జాబితా మాత్రం ఇద్దరి దగ్గరే ఉంటుంది, ఒక పెద్దాయన, ఒక అమ్మ. పిల్లల ద్వారా తెలిసే ఇళ్ళ సంగతి మేము టీచర్లం వాళ్ళకు చెవిలో వేస్తాం. ఆ జాబితాలో మన పేటల్లో ఉంటున్న బీహార్, ఒడిశా కూలీల కుటుంబాలు కూడా, ఎవరైనా సరే, ఉండాలని మా పట్టుదల.

ఇద్దరు దుకాణదారులు ఇప్పటికే ఒప్పుకున్నారు. ధర బజారు ధరే, మార్జిన్ కొంత వదులుకుంటామన్నారు. మూడో దుకాణం బస్టాండు వైపు దొరికితే దూరపు గల్లీల ఆడవాళ్ళకు నడక తప్పుతుంది. వచ్చే జుమా నమాజు తర్వాత మస్జిద్ వరండాలో కమిటీ కూర్చుంటుంది. కిట్ల కోసం రాసిన మొత్తాన్ని ఖాతాలకు మార్చడానికి సమ్మతి ఉన్న దాతలు అప్పటిలోగా కార్యదర్శి సాబ్‌కు ఒక మాట చెప్పండి. సమ్మతి లేనివారు కూడా రండి, కూర్చొని మాట్లాడుకుందాం. ఛాయ్ మేము తెప్పిస్తాం.