శోధనలో నిలబడుట: వాక్యము, ప్రార్థన

(శ్రమకాల దినములలో పాస్టరేటు పురుషుల సహవాస కూడికయందు ఒక సంఘపెద్ద చేసిన ప్రసంగము)



నేను వేదాంత కళాశాలలో చదివినవాడను కాను. ముప్పది ఏండ్లు పల్లెబడిలో పిల్లలకు ఎక్కములు చెప్పినవాడను. అయ్యగారు నన్ను శోధననుగూర్చి మాట్లాడమన్నప్పుడు, "ఆ విషయములో నాకు అనుభవము ఎక్కువేనండి" అన్నాను. ఆయన నవ్వారు. కాని నేను నిజమే చెప్పాను.

మొదట ప్రభువు శోధనను చూతము. మత్తయి సువార్త 4వ అధ్యాయము, లూకా సువార్త 4వ అధ్యాయము మనందరము ఎరిగినవే. యొర్దానులో బాప్తిస్మము పొంది, తండ్రి స్వరము విని, నీళ్ళలోనుండి వచ్చిన వెంటనే ఆయన అరణ్యమునకు కొనిపోబడెను. గొప్ప ఆశీర్వాదము వెనుకనే గొప్ప శోధన వచ్చెను. నలువది దినములు ఉపవాసముండి ఆకలిగొన్న వేళ శోధకుడు సమీపించెను. మనము నీరసించియున్న గడియ వాడికి బాగుగా తెలియును.

ప్రభువు మూడు మారులు జవాబిచ్చెను. మూడు జవాబులును ద్వితీయోపదేశకాండములోనివే. మొదటిది 8వ అధ్యాయమునుండి, తక్కిన రెండును 6వ అధ్యాయమునుండి. ఇశ్రాయేలీయులు అరణ్యములో నలువది సంవత్సరములు ఆకలికి సణిగి, దేవుని పరీక్షించి, దూడకు మ్రొక్కి పడిపోయిరి. వారికి మోషే చెప్పిన మాటలనే ప్రభువు నలువది దినములు గైకొని నిలిచెను. ఆ వేళ ఆయన చేతిలో గ్రంథపు చుట్ట లేదు. హృదయములో ఉన్నదే నోటికి వచ్చెను. వాక్యమును ముందుగా దాచుకొననివానికి ఆపత్కాలమున వెదకుకొనుటకు తీరిక ఉండదు.

ఇక్కడ మనము జాగ్రత్తగా గమనింపవలసిన సంగతి ఒకటి గలదు. శోధకుడు కూడా వాక్యమే చెప్పెను. 91వ కీర్తనలో దూతలు కాపాడుదురను మాటను ఎత్తి చూపి, దేవాలయ శిఖరమునుండి దుముకుమనెను. కాని ఆ కీర్తనలో మనము నడుచు మార్గములన్నిటిలో కాపాడుదురని ఉన్నది. మార్గములను ఆ మాటను వాడు విడిచిపెట్టెను. శిఖరమునుండి దుముకుట దేవుడు చూపిన మార్గము కాదు గదా! సగము వాక్యము చెప్పి మోసగించుట వాడి పని. ఈ సంగతి నేను వ్యాఖ్యాన గ్రంథములలో నేర్చుకొనలేదు. నా ఇంటి ట్రంకు పెట్టె ముందు నేర్చుకొన్నాను.

అది 1983వ సంవత్సరము. నేను మా సంఘమునకు కోశాధికారిని. కోతపండుగ కానుకలు వేలము వేయగా వచ్చిన డబ్బు, బ్యాంకుకు పంపువరకు నా ఇంటనే ఉండెడిది. ఆ యేడు జీతము ఆలస్యమైనది. ఇంటిలో సరుకులు నిండుకొన్నవి. అప్పుడు ఒక తలంపు వచ్చినది: "దావీదు ఆకలిగొన్నప్పుడు సముఖపు రొట్టెలు తినలేదా? ప్రభువు కూడా దానిని తప్పుపట్టలేదే!" ఇరువది రూపాయలు తీసుకొన్నాను. జీతము రాగానే మరల ఉంచాను. ఎవరికిని తెలియలేదు. రెండవసారి నలుబది తీశాను. అవియు తిరిగి ఉంచాను. ఈసారి మనస్సు అంతగా గుచ్చలేదు. సహోదరులారా, అదియే నాకు ఇప్పటికిని భయము కలిగించు సంగతి. దురాశ గర్భము ధరించి పాపమును కనునని, పాపము పెరిగి మరణమును కనునని యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయములో వ్రాసినది ఈ క్రమమునుగూర్చియే.

మూడవసారి మా పెద్దవాని కళాశాల ఫీజు కట్టవలసివచ్చినది. మరునాడే గడువు. రాత్రి అందరు నిద్రించిన పిమ్మట లాంతరు తెచ్చి పెట్టె తెరిచాను. ఎంత తీసిన లెక్క తప్పదో చూచుకొనుటకు పద్దు పుస్తకము విప్పాను. అందులో నా చేతివ్రాతతోనే ఒక పద్దు కనబడినది. మా సంఘములోని ఒక ముసలి విధవరాలు, పిడికెడు బియ్యము, మూడు రూపాయల నలుబది పైసలు.

పిడికెడు బియ్యము సంగతి మీకు చెప్పనక్కరలేదు. మన దోర్నకల్ అధ్యక్ష మండలమునకు 1912 డిసెంబరు 29న మొదటి బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్య అయ్యగారు, క్రైస్తవుడు ఇచ్చువాడై యుండవలెనని బోధించి, ఆ విషయమై పుస్తకము కూడా వ్రాశారు. కూలిచేసుకొను మన తల్లులు ఎసట్లో బియ్యము పోయునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి ప్రభువు కొరకు వేరుగా ఉంచిరి. మనము నూరేండ్ల పండుగ చేసికొనిన ఈ సంఘము ఆ పిడికెళ్ళమీద నిలిచినది. ఆ తల్లి ఆకలి కొంత తగ్గించుకొని ఇచ్చినదానిని నేను చీకటిలో తీయబోయినాను.

అప్పుడు దావీదు కథలో నేను విడిచిపెట్టిన భాగము జ్ఞాపకమునకు వచ్చినది. దావీదు ఆ రొట్టెలను దొంగిలించలేదు. యాజకుని అడిగి అతని చేతినుండి తీసుకొనెను. నేను ఎవరిని అడిగినాను? నేనును సగము వాక్యమే చెప్పుకొన్నాను.

మోకరించాను. ప్రార్థనకు మాటలు రాలేదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో శోధనను గూర్చిన మనవి ఒక్కటే పెదవులమీదికి వచ్చినది. చిన్ననాటినుండి వేలసార్లు చెప్పిన మాట, ఆ రాత్రి మొదటిసారి ప్రార్థించాను. పిమ్మట పెట్టెకు తాళము వేసి, ఆ వేళనే అయ్యగారి ఇంటికి వెళ్ళి, జరిగినదంతయు చెప్పి తాళపుచెవి ఆయన చేతిలో పెట్టాను. ఆయన నన్ను తిట్టలేదు. కూర్చుండబెట్టి నాతో ప్రార్థించారు. వచ్చిన ఆదివారము కమిటీ ఎదుట నేనే ఒప్పుకొన్నాను. ఆనాటినుండి పెట్టెకు రెండు తాళములు, ఇద్దరు పెద్దలయొద్ద రెండు చెవులు.

ఫీజు సంగతి అడుగుదురేమో. ఆకాశమునుండి ఏమియు రాలేదు. సైకిలు అమ్మి కట్టాను. రెండేండ్లు బడికి నడిచిపోయాను. శోధనతోకూడ తప్పించుకొను మార్గమును దేవుడు కలుగజేయునని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ మార్గము ఒక్కొక్కప్పుడు కాలినడక మార్గమే.

కాబట్టి మీకు మూడు మాటలు మనవి చేయుచున్నాను. ఒకటి, ప్రతిదినము వాక్యమును చదువుడి, కంఠస్థము చేయుడి. ఒక వచనమును దాని ముందు వెనుకలతో చదువుడి, మనకు అనుకూలమైన సగమును కాదు. రెండు, శోధన రాకముందే ప్రార్థించుడి. గెత్సేమనేలో ప్రభువు మూడు మారులు ప్రార్థించెను, పేతురు నిద్రించెను. తెల్లవారకముందే ఎవరు నిలిచిరో, ఎవరు పడిరో మనకు తెలియును. మూడు, ఒంటరిగా పోరాడకుడి. నమ్మకమైన ఒక సహోదరునితో చెప్పుకొనుడి. పడిపోవు అవకాశమునే తీసివేయుడి. రెండవ తాళము అవిశ్వాసము కాదు, అది మన బలహీనతను ఒప్పుకొనుట.

పడినవారు ఇక్కడ ఎవరైనను ఉన్నయెడల నిరాశపడకుడి. మనవలె శోధింపబడియు పాపము లేనివాడైన ప్రధానయాజకుడు మనకున్నాడు. ఏడ్చిన పేతురును ఆయన విడిచిపెట్టలేదు. తన గొఱ్ఱెలను మేపుటకు అతనికే అప్పగించెను. నన్నును విడిచిపెట్టలేదు. మూడేండ్ల తరువాత సంఘము ఒక తాళపుచెవిని మరల నాకిచ్చినది. దానిని పుచ్చుకొన్నప్పుడు నా చేయి వణికినది. అట్లు వణుకుట మంచిదేనని నేటికిని తలంచుచున్నాను.

శోధనలో నిలిచిన ప్రభువు మనలను నిలబెట్టును గాక. ఆమేన్.