సిలిండరు తోడుగా గడప దాటుదాం
(విశ్రాంత కార్మికుల నెలవారీ సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి నెలా ఈ సమావేశంలో మనం పింఛను గురించి, గ్రాచ్యుటీ గురించి, మూతపడిన మిల్లుల బకాయిల గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు వాటిని కాసేపు పక్కన పెట్టి ఊపిరి గురించి మాట్లాడుకుందాం.

షోలాపూరులోని మన పేటల్లో ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకొని బతుకుతున్న పాత కార్మికులు ఉన్నారు. వారిలో కొందరి ఇళ్ళకు మేము వెళ్ళి వచ్చాం. మిషను ఉంది, గొట్టం ఉంది, మందులు ఉన్నాయి. కానీ మనిషి గడప దాటి నెలలు గడిచాయి. దారిలో గాలి అయిపోతే ఏం గతి అన్న భయం ఒకటి. ముక్కుకు గొట్టం పెట్టుకొని నలుగురిలోకి ఎలా పోతామన్న సిగ్గు ఇంకొకటి. ఈ రెండూ అక్కర్లేదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు సిగ్గు సంగతి. ఈ జబ్బు మనం దొంగతనం చేసి తెచ్చుకున్నది కాదు. బ్లో రూములో, కార్డింగ్ ఖాతాలో పనిచేసిన వారందరికీ తెలుసు. వారపు సెలవు తర్వాత సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ పట్టేసేది. మంగళ, బుధవారాలకు కొంత తేలికపడేది. అలవాటు పడలేదనుకున్నాం, చలిగాలి అనుకున్నాం. అది పత్తి దుమ్ము. దాని వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు పేరు బిసినోసిస్. ఏళ్ళ తరబడి అదే దుమ్ములో ఉంటే సోమవారం ఆయాసం కాస్తా రోజువారీ ఆయాసం అవుతుంది. బీడీ పొగ తోడైతే మరీ త్వరగా ముదురుతుంది. 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం మూడవ షెడ్యూలు దీన్ని వృత్తి వ్యాధిగా గుర్తించింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఇది వృత్తి వ్యాధే. మిల్లుకు ఊపిరి ఇచ్చిన మనిషి ముక్కుకు గొట్టం పెట్టుకొని వీధిలో నడిస్తే అందులో సిగ్గుపడవలసింది ఏముంది?

ఇక భయం సంగతి. మన కార్డింగ్ ఖాతా పెద్దాయన ఒకరు ఊపిరితిత్తుల పరీక్షకు ఒక పెద్ద ఆసుపత్రికి బయలుదేరారు. చిన్న సిలిండరు నింపించి తెచ్చిన కుర్రాడు "ఫుల్లు" అన్నాడు. ముల్లు ఎవరూ చూడలేదు. ఆసుపత్రిలో పెద్ద క్యూ. గంట గడవక ముందే ముల్లు ఎర్ర గీతలోకి దిగింది. అత్యవసర విభాగం వారు ఆక్సిజన్ పెట్టి కాపాడారు గాని, ఆ రోజు నుంచి ఆయన బయటికి రావడం మానేశారు. పరీక్ష తప్పింది, మందు మార్చవలసిన సమయం దాటిపోయింది. ఆరు నెలలకు కాళ్ళు వాచాయి. కాళ్ళ వాపు అంటే గుండె మీద భారం పడిందని డాక్టరు చెప్పారు. గాలి అయిపోయింది ఒక్కపూట. నష్టం మాత్రం ఆరు నెలలది.

ఆ రోజు తప్పు సిలిండరుది కాదు, లెక్కది. మనం మీటర్లు, పిక్కులు లెక్క పెట్టి జీతం తీసుకున్న వాళ్ళం. ఈ లెక్క మనకు కష్టం కాదు. సిలిండరు మెడ దగ్గర డబ్ల్యు.సి. అని చెక్కి దాని పక్కన ఒక అంకె ఉంటుంది. అది ఆ సిలిండరులో ఎన్ని లీటర్ల నీళ్ళు పడతాయో చెబుతుంది. ఆ అంకెను మీటరు మీద ముల్లు బార్ లెక్కలో చూపే అంకెతో గుణించండి. అన్ని లీటర్ల గాలి ఉందన్నమాట. దాన్ని నిమిషానికి మీరు వాడే లీటర్లతో భాగిస్తే ఎన్ని నిమిషాలు వస్తుందో తెలుస్తుంది.

ఉదాహరణకు 2 లీటర్ల చిన్న సిలిండరు, ముల్లు 150 మీద ఉంది. 300 లీటర్ల గాలి. నిమిషానికి 2 లీటర్లు వాడేవారికి 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. అదే ముల్లు 75 మీద ఉంటే గంటా పావు మాత్రమే. ఇంట్లో ఉంచుకొనే 10 లీటర్ల సిలిండరు అయితే నిండుగా 1500 లీటర్లు, పన్నెండున్నర గంటలు. కరెంటు పోతే మిషను ఆగిపోతుంది కాబట్టి అది ఇంట్లో ఎప్పుడూ నిండుగా ఉండాలి.

ఇప్పుడు ప్రయాణం లెక్క. ఆసుపత్రికి ఆటోలో 20 నిమిషాలు, క్యూలో 60, డాక్టరు దగ్గర, మందుల కిటికీ దగ్గర 30, తిరుగు దారి 20. మొత్తం 130 నిమిషాలు. దానికి సగం కలుపుకోండి. ఎందుకంటే మన దారిలో ఊరేగింపు ఉంటుంది, డాక్టరు ఆలస్యంగా వస్తారు. 195 నిమిషాలు అవుతుంది. ఒక చిన్న సిలిండరు చాలదు. రెండు కావాలి.

అయితే కొడుకో, కోడలో, మన యూనియన్ కుర్రాడో ముందే పోయి క్యూలో నిలబడి, వంతు దగ్గర పడగానే ఫోను చేస్తే? 60 నిమిషాల క్యూ 15 అవుతుంది. మొత్తం 85, సగం కలిపితే 128. ఒక్క సిలిండరుతో పని అవుతుంది. క్యూలో ఒక మనిషి నిలబడితే అరవై, డెబ్బై నిమిషాల గాలి మిగిలినట్టే. ఈ సహాయం డబ్బుతో కొనేది కాదు, సంఘం చేయగలిగేది.

బయలుదేరే ముందు చూసుకోవలసినవి చెబుతాం. ముల్లు మీ కళ్ళతో చూడండి, దుకాణం వాడి మాట నమ్మవద్దు. రెగ్యులేటరు బిగించాక బుస్సుమన్న చప్పుడు ఉందేమో వినండి. తిప్పే పానా, ఇంకొక ముక్కు గొట్టం, మందుల చీటీ సంచిలో ఉండాలి. నిమిషానికి ఎన్ని లీటర్లు అన్నది కూర్చున్నప్పుడు ఒకటి, నడిచేటప్పుడు ఒకటి ఉండవచ్చు. రెండూ డాక్టరు చేత రాయించుకోండి. నీళ్ళ సీసా దారిలో ఒలుకుతుంది. తక్కువ గాలి వాడేవారికి కొద్దిసేపు అది లేకపోయినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయినా డాక్టరును అడిగి మానండి. ఆటోలో సిలిండరు దొర్లకుండా కట్టాలి. ఎండలో నిలిపిన బండిలో వదిలి పోవద్దు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఆయాసం వచ్చింది కదా అని మీటరు పెంచవద్దు. మనలాంటి పాత ఊపిరితిత్తుల జబ్బులో ఆక్సిజన్ మరీ ఎక్కువైతే చెడుగాలి లోపలే నిలిచిపోతుంది. తలనొప్పి, మత్తు, తికమక వస్తాయి. వేలికి పెట్టి చూసే మిషనులో 88 నుంచి 92 మధ్య ఉంటే చాలని ఇలాంటి జబ్బులో డాక్టర్లు సాధారణంగా చెబుతారు. మీకు ఎంత ఉండాలో మీ డాక్టరే చెప్పాలి. నడిచేటప్పుడు ఆయాసం వస్తే ఆగండి, కూర్చోండి, పెదాలు ఈల వేసినట్టు ముడిచి మెల్లగా గాలి వదలండి. పెదాలు నీలంగా మారినా, మాట తడబడినా, మత్తు కమ్మినా ఆలోచించకుండా 108కి ఫోను చేయండి.

రెండవ హెచ్చరిక నిప్పు గురించి. ఆక్సిజన్ తనంతట తాను మండదు, కానీ మండే దాన్ని భగ్గుమనిపిస్తుంది. పత్తి గోదాములో నిప్పు ఎలా పాకుతుందో చూసినవాళ్ళం మనం. గొట్టం ముక్కుకు ఉండగా బీడీ లేదు, పక్కవాడి బీడీ కూడా లేదు. పొయ్యికి, దీపానికి, కర్పూరానికి దూరంగా కూర్చోండి. సిలిండరు మరకు నూనె, గ్రీజు తగలనివ్వవద్దు. ముక్కు ఎండితే వేసిలిన్, కొబ్బరినూనె రాయవద్దు. బీడీలు చుట్టే అక్కలకు ఒక మాట. తంబాకు చాటకు మిషను దూరంగా ఉంచండి. ఆ ధూళిని మిషను లోపలికి లాగుతుంది. జాలీ వారానికోసారి కడగండి.

కొన్ని పనులకు అసలు బయటికి పోనవసరమే లేదు. ఇ.పి.ఎస్. 95 పింఛనుకు జీవిత ధ్రువపత్రం ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. ఫోనులో ముఖం చూపి ఇంటి నుంచే ఇవ్వవచ్చు, పోస్టుమాను చేత ఇంటి దగ్గర చేయించుకోవచ్చు. అలా మిగిలిన ఓపికను మనసుకు నచ్చిన చోటికి పోవడానికి దాచుకోండి.

ఎందుకంటే ఆసుపత్రికి పోయి రావడం ఒక్కటే బతుకు కాదు. నారళీ పున్నమికి మార్కండేయ స్వామి రథం వస్తుంది. హారతి దగ్గరికి పోకుండా, తోపులాటలో పడకుండా, ఎవరి అరుగు మీదో కూర్చొని చూడవచ్చు. తెలంగాణలో చుట్టాల పెళ్ళికి రైలులో పోవచ్చు. డాక్టరు సర్టిఫికెట్ ఉంటే ఆక్సిజన్ సిలిండరు ఏ తరగతిలోనైనా వెంట తీసుకుపోవడానికి రైల్వే అనుమతిస్తుంది. దిగిన ఊరిలో సిలిండరు ఎక్కడ నింపుతారో మాత్రం బయలుదేరక ముందే చుట్టాల చేత కనుక్కోండి.

ఇంకొక మాట. రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గినవారు రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకుంటే ఆయుష్షు పెరుగుతుందని 1980లో అమెరికాలో, 1981లో బ్రిటన్‌లో వెలువడిన పరీక్షలు తేల్చాయి. కాబట్టి బయట సిగ్గుపడి గొట్టం తీసేస్తే ఆ గంటలు మన ఆయుష్షులోంచి పోతాయి. ఎప్పుడు తీయవచ్చో డాక్టరు చెప్పాలి గాని వీధిలో చూసేవాళ్ళు కాదు.

సోదరులారా, ఈ సమావేశంలో మూడు నిర్ణయాలు తీసుకుందాం. ఒకటి, ప్రతి పేటకు ఇద్దరు యువ కార్మికులు ఆక్సిజన్ వాడే సభ్యుల తరఫున క్యూలో నిలబడాలి. రెండు, యూనియన్ ఆఫీసులో రెండు చిన్న సిలిండర్లు నింపి ఉంచాలి, వాడినవారు నింపించి తిరిగి ఇవ్వాలి. మూడు, ఆక్సిజన్‌తో వచ్చిన కార్మికుణ్ణి మెట్లు ఎక్కించకుండా కింది అంతస్తులోనే, ముందు వరుసలోనే చూడాలని ఆసుపత్రులకు, కార్యాలయాలకు వినతిపత్రం ఇవ్వాలి. ఇది దయ కాదు, న్యాయం.

ఇందాక చెప్పిన కార్డింగ్ ఖాతా పెద్దాయన ఈ రోజు ముందు వరుసలో కూర్చున్నారు. ముల్లు 110 మీద ఉంది, మేము చూశాం. 2 లీటర్ల సిలిండరు, నిమిషానికి 2 లీటర్లు. 110 నిమిషాలు. ఇల్లు ఇక్కడికి పదిహేను నిమిషాల దూరం. అందుకే మా ప్రసంగం ఇక్కడితో ముగిస్తున్నాం. ముందు ఆయనకు టీ ఇవ్వండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి.