హైడ్రోజన్ లెక్క: వెల కన్నా వేళ ముఖ్యం

(దోహాలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ మనిషిని. అయినా ఇంజనీరింగు చదివాను గదా అని మిత్రులు నన్ను రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. "హైడ్రోజన్ వస్తే గల్ఫులో మన గ్యాసు ఉద్యోగాలేమవుతాయి?" అన్నది ఒకటి. "కాకినాడలో హైడ్రోజనట, డబ్బు పెట్టొచ్చా?" అన్నది రెండోది. రెండింటికీ జవాబు చిన్న కూడికలు, గుణకారాల్లోనే ఉంది.

హైడ్రోజన్ కొత్త సరుకేమీ కాదు. ఇక్కడి మెసయీద్‌లో ఎరువుల కర్మాగారం 1973లోనే మొదలైంది. సహజవాయువును ఆవిరితో కలిపి హైడ్రోజన్ తీస్తారు. దానికి గాలిలోని నత్రజని చేర్చితే అమ్మోనియా, దాన్నుంచి యూరియా. గ్యాసు చవకైన చోట కిలో హైడ్రోజన్ ఒకటి నుంచి రెండు డాలర్లలో వస్తుంది. కాకపోతే కిలోకి తొమ్మిది, పది కిలోల బొగ్గుపులుసు వాయువు కూడా వస్తుంది. దాన్ని పట్టి భూమిలోకి పంపితే "నీలి" హైడ్రోజన్. ఏటా 12 లక్షల టన్నుల నీలి అమ్మోనియా తయారుచేసి, 15 లక్షల టన్నుల ఆ వాయువును పట్టి నిల్వచేసే కర్మాగారాన్ని మెసయీద్‌లో కడతామని ఖతార్ 2022లో ప్రకటించింది.

రెండో దారి నీటిని కరెంటుతో విడగొట్టడం. ఇదే "హరిత" హైడ్రోజన్. కిలోకి సుమారు 52 యూనిట్లు కావాలి. దోహాకి పడమరనున్న అల్ ఖర్సా సోలార్ కేంద్రం 800 మెగావాట్లది, 2022లో ప్రారంభమైంది. దాని కరెంటుకు పలికిన ధర యూనిట్‌కు సుమారు 1.57 సెంట్లు. అంటే కిలో హైడ్రోజన్‌కి కరెంటు ఖర్చు 82 సెంట్లే! ఇంకేం, గ్యాసు పని అయిపోయిందనిపిస్తుంది.

కానీ ఎండ రోజంతా ఉండదు. ఏడాదంతా అద్దెకు తీసుకున్న కల్యాణమండపంలో పెళ్ళిళ్ళు ముప్పయ్యే జరిగితే, ఒక్కో పెళ్ళి మీద పడే అద్దె ఎంత? నీటిని విడగొట్టే యంత్రం సంగతీ అంతే. లెక్క సులువు కోసం కిలోవాట్ యంత్రానికి 1,000 డాలర్లు, వడ్డీ, తరుగుదల కలిపి ఏటా 100 డాలర్లు అనుకుందాం. సోలార్‌తో మాత్రమే ఏడాదికి 2,400 గంటలు నడిస్తే 46 కిలోలు వస్తుంది. కిలో మీద యంత్రం ఖర్చే 2.17 డాలర్లు. కరెంటు కలిపితే 2.99. అదే యంత్రాన్ని 4 సెంట్ల కరెంటుతో 8,000 గంటలు నడపండి. యంత్రం ఖర్చు 65 సెంట్లు, కరెంటు 2.08, మొత్తం 2.73. కరెంటు రెండున్నర రెట్లు ఖరీదైనా సరుకు చవకైంది! అందుకే వెల కన్నా వేళ ముఖ్యమంటున్నాను.

ఈ కంటితో మన ఊళ్ళ వైపు చూడండి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో చేపట్టిన 1,680 మెగావాట్ల పథకం పగటి కరెంటుతో నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసేది. ఎండ, గాలి, ఈ నీళ్ళు కలిస్తేనే గంటలు పెరుగుతాయి. గ్రీన్‌కో వ్యవస్థాపకులదే అయిన ఏఎం గ్రీన్ సంస్థ కాకినాడలో ఏటా పది లక్షల టన్నుల హరిత అమ్మోనియా తలపెట్టింది. విశాఖ దగ్గర పూడిమడకలో ఎన్టీపీసీ హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు.

అయినా 2.73 అంటే చవక గ్యాసు కన్నా ఎక్కువే. కిలో హైడ్రోజన్ మీద డాలర్ తేడా టన్ను అమ్మోనియా మీద సుమారు 180 డాలర్లవుతుంది. ఆ భారం విదేశీ కొనుగోలుదారుడు మోయాలి, లేదా ప్రభుత్వం మోయాలి. ఇద్దరూ తప్పుకుంటే చివరికి ఎరువు కొనే రైతు నెత్తిన పడుతుంది. ఆ రైతు మనలో చాలామందికి తండ్రో, అన్నో.

కాబట్టి డబ్బు పెట్టేముందు రంగుల బ్రోషరు పక్కన పెట్టి మూడు మాటలు అడగండి. యంత్రం ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుంది? సరుకు కొంటామని ఎవరు, ఎన్నేళ్ళకు సంతకం చేశారు? ధరలో తేడా ఎవరు భరిస్తారు? సూటిగా జవాబు రాకపోతే మీ రియాళ్ళు మీ దగ్గరే ఉంచుకోండి.

ఇక ఉద్యోగాల మాట. నీలి అయినా, హరితమైనా హైడ్రోజన్‌కి కంప్రెసర్లు కావాలి, పైపులు కావాలి, అమ్మోనియా ట్యాంకులు కావాలి, భద్రత తెలిసినవాళ్ళు కావాలి. రాస్ లఫాన్, మెసయీద్‌లలో చెమటోడ్చి మనవాళ్ళు నేర్చుకున్నది అదే విద్య. రేపు కాకినాడకో, పూడిమడకకో అవసరమయ్యేదీ అదే. పనికి పేరు మారవచ్చు గాని పనివాడి విలువ పోదు.